63 ఏళ్లు ఏలిన రాజు, 5 రోజుల దారి

గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి 1262 దాకా ఓరుగల్లును ఏలాడు. కాకతీయుల్లో అంతకాలం ఏలినవాళ్లు ఇంకెవరూ లేరు. అయినా ఆయన కోసమని వరంగల్ వచ్చినవాళ్లకు ఎక్కడికి వెళ్లినా వేరే పేర్లే వినబడతాయి. వేయిస్తంభాల గుడి పెదనాన్న రుద్రదేవుడిది. కోట అనగానే రుద్రమదేవి. రామప్ప గుడి సేనాని కట్టించింది. పాకాల చెరువు జగదాల ముమ్మడిది, బయ్యారం చెరువు తోబుట్టువు మైలాంబది. ఈ దారిలో రాజు పేరు మోస్తున్న ఊరు గణపురం. పనిచేసినవాడి పేరు పనిమీద ఉండనిచ్చిన రాజు ఇతను. ఆ కన్నుతో చూసుకుంటూ పోతే ఈ 5 రోజుల దారి బాగా కలిసొస్తుంది.

బయల్దేరే ముందు రెండు మాటలు. అక్టోబర్ నుంచి జనవరి దాకా మంచి కాలం. చెరువులు నిండి మత్తడి దూకుతుంటే చూడాలనుకుంటే వానలు బాగా పడిన ఏడాదిలో ఆగస్టు, సెప్టెంబర్‌లలో రావాలి, కానీ అప్పుడు ఒర్రెలు పొంగి ఊరి దారులు తెగుతాయి. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర వారంలో మాత్రం ములుగు దారి పట్టొద్దు. గంట ప్రయాణం పూటంతా పడుతుంది. బస హన్మకొండలో పెట్టుకుంటే చాలు. మొదటి రెండు రోజులకు ఆటోలు సరిపోతాయి. మూడో రోజు నుంచి సొంత బండో, అద్దె కారో ఉండాలి. బస్సుల మీద ఆధారపడితే రోజుకు ఒక్క చోటే అవుతుంది.

మొదటి రోజు: హన్మకొండ

హైదరాబాద్ నుంచి రోడ్డున సుమారు 145 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు హన్మకొండకు కాజీపేటలో, ఖిలాకు వరంగల్‌లో దిగడం మేలు.

పొద్దున్నే వేయిస్తంభాల గుడికి వెళ్లాలి. ఎండ ఎక్కాక నల్లరాతి స్తంభాల నునుపు కళ్లకు కొడుతుందే తప్ప చెక్కడం కనబడదు. ఇది త్రికూటాలయం: శివుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, నడుమ ఒకే రంగమంటపం. ఆవరణలోని శాసనం శక 1084 నాటిది, అంటే 1163 జనవరి. సంస్కృతంలో రాసిన కవి అచింతేంద్రుడు. కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక తమకు తామే రాజులమని చాటుకున్నది ఈ శాసనంలోనే. గణపతిదేవుడి కథకు ఇది మొదటి పేజీ. చాలామంది స్తంభాలు లెక్కపెట్టి, నందితో ఫొటో దిగి వెళ్లిపోతారు. శాసనం దగ్గర పది నిమిషాలు ఆగాలి.

వెనకున్న కల్యాణమంటపాన్ని 2006లో రాయి రాయి విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. ఎందుకు విప్పాల్సి వచ్చిందో తెలిస్తే ఎల్లుండి చూడబోయే రామప్ప కూడా అర్థమవుతుంది. కాకతీయుల స్థపతులు పెద్ద గుంత తవ్వి, ఇసుక నింపి, గట్టిగా దిమ్మెస కొట్టి, దానిమీద రాతికట్టడాన్ని లేపేవాళ్లు. బరువు ఒకే చోట పడకుండా ఇసుక పంచుకుంటుంది. భూమి కదిలినా అదురును కొంత మింగుతుంది. అయితే ఈ పునాదికి ఒక షరతుంది: ఇసుక ఉన్నచోటే ఉండాలి. చుట్టూ నీటి దారులు మారి, అది ఒకవైపు జారినా, కుంగినా స్తంభం పక్కకు ఒరుగుతుంది. స్తంభం ఒరిగితే పైదూలం పగులుతుంది. పగుళ్లకు సిమెంటు పూస్తే లాభం లేదు, కింద నుంచి మళ్లీ కట్టుకురావాలి. అంత పనికే అన్నేళ్లు పట్టాయి.

సాయంత్రం పద్మాక్షి గుట్ట ఎక్కితే చాలు. గుట్టమీద జైన శిల్పాలున్నాయి. శైవం పట్టకముందు ఈ వంశం జైనాన్ని ఆదరించిందనడానికి కనబడే గుర్తులు అవి.

రెండో రోజు: ఖిలా వరంగల్

ఆటో ఎక్కి ‘కోట’ అంటే ఏ కోట అని అడగొచ్చు, ‘ఖిలా’ అంటే నేరుగా తీసుకెళ్తారు. కాకతీయ తోరణాల దగ్గర దింపుతామంటే ఒప్పుకోవద్దు. బయటి మట్టికోట దగ్గరే దిగి నడవాలి. లేకపోతే ఈ కోట అసలు తెలివి ఏమిటో తెలియదు.

హన్మకొండ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చే పని రుద్రదేవుడి కాలంలో మొదలైనా, కోటకు రాతిగోడ లేపించింది గణపతిదేవుడు. ఎత్తు పెంచి పూర్తి చేయించి, దాని బయట మట్టికోట, అగడ్త కట్టించింది రుద్రమదేవి. రాతికోట అడ్డకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోటది సుమారు 2.4. రాతిగోడకు 45 బురుజులు. బండలను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి అతికినట్టు పేర్చారు. గోడ వెంట ఒక చుట్టు తిరగడానికి 4 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అయితే ముళ్లకంపలున్నాయి, బూట్లు తప్పనిసరి.

రాయి ఉండగా మట్టి ఎందుకు? రాతిగోడ మీద పెద్ద బండ విసిరితే గోడ రాయి పగులుతుంది, అతుకు విడుతుంది. మట్టికట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. 1310లో మాలిక్ కాఫర్ సేన ఇక్కడ దిగినప్పుడు, ఈ మట్టిగోడలోకి ఉక్కు బల్లెం కూడా దిగలేదని, యంత్రాలతో విసిరిన బండలు పిల్లలాడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడ్డాయని ఢిల్లీ కొలువులోని అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువు పక్షపువాడే ఒప్పుకున్నాడంటే ఇక వాదన ఎందుకు. ఆ ముట్టడి చివరకు ప్రతాపరుద్రుడు కప్పం కట్టడంతో తీరింది, ఓరుగల్లు నిజంగా పోయింది 1323లో.

నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు. ఒక్కటి కూడా తిన్నగా లోపలికి తెరుచుకోదు. వాకిలి దాటాక గోడ ఎదురొస్తుంది, పక్కకు తిరిగితే ఇంకో వాకిలి. ఏనుగు పరుగందుకుని తలుపును గుద్దే వీలు లేకుండా చేసిన మలుపులవి. ఇప్పుడు ఆ మలుపుల్లోంచే ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు పోతుంటాయి. డ్రైవర్ల నేర్పు చూసినా కోట తెలివి అర్థమవుతుంది. లోపల ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, జనం బతుకుతున్న కోట ఇది.

నడిబొడ్డున నాలుగు కీర్తితోరణాలు. వాటి నడుమ ఉన్నది స్వయంభూ శివాలయం శిథిలం. గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. వాటిమీద హంసలు, లతలు, మకరాలే కనబడతాయి, దేవతామూర్తులు లేవు. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: దగ్గర్లోని ఖుష్ మహల్‌ను కాకతీయుల దర్బారనుకోవడం. ఏటవాలు గోడలు, కమాన్లు చూస్తేనే తెలుస్తుంది, అది తర్వాతి కాలపు కట్టడం.

శిల్పాల మధ్య ఒకదాన్ని వెతకాలి: సింహంమీద కూర్చుని, చేతిలో కత్తీ డాలూ పట్టిన స్త్రీ. పక్కన తామర పట్టిన ఏనుగు తొండం. దేవగిరి యాదవులను తిప్పికొట్టాక స్వయంభూ ఆలయానికి రంగమంటపం కట్టించిన రుద్రమదేవి తన బిరుదును అలా చెక్కించింది. ‘రాయగజకేసరి’, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం. ఆ బిరుదు తండ్రి నుంచి వచ్చింది.

గణపతిదేవుడి గుణం తెలిసేది ఈ కూతురి విషయంలోనే. కొడుకులు లేరు. ఆ కాలపు ఏ రాజైనా చేసే పని దాయాదుల్లో ఒకణ్ని తేవడం, లేదా అల్లుడికి గద్దె అప్పగించడం. ఇతను ఆ రెండూ చేయలేదు. కూతురికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టి, బతికుండగానే పాలనలో కూర్చోబెట్టాడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో తండ్రీ కూతుళ్లిద్దరూ కనబడతారు. గోళకీ అనే శైవ మఠానికి తండ్రి మందడం గ్రామం ఇస్తే, కూతురు వెలగపూడి ఇచ్చింది. ఆ ఆదాయంతో నడిచిన వాటిలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయం ఉన్నాయి. ఈ రాణి సంగతి మార్కో పోలో దాకా వెళ్లింది. కాకపోతే ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. కూతురు గద్దెనెక్కుతుందని ఊహకు అందలేదేమో.

మార్కో పోలో రాసింది మోటుపల్లి రేవు గురించి. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఈయన బుద్ధిని బాగా పట్టిస్తుంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా, ఏనుగులు, గుర్రాలు, బంగారంతో సహా, వెనకటి రాజులు లాక్కునేవారట. ప్రాణానికి తెగించి సముద్రం దాటేవాళ్లకు ధనం ప్రాణంకంటే ఎక్కువని, అందుకే నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టమని ఈయన రాయించాడు. ఎగుమతి, దిగుమతుల మీద 30కి 1 వంతు సుంకం. దయ ఉంది, కాదనలేం. లెక్క కూడా ఉంది: రేవుకు భయం లేకుండా ఓడలు వస్తేనే ఓరుగల్లుకు గుర్రాలొస్తాయి.

మూడో రోజు: పాలంపేట, గణపురం

తెల్లవారి 6కే బయల్దేరాలి. ములుగు దాకా సుమారు 50 కిలోమీటర్లు, అక్కణ్నుంచి ఏటూరునాగారం దారిలో ముందుకు పోయి, జంగాలపల్లి దగ్గర వెంకటాపూర్ వైపు తిరిగితే పాలంపేట. 8 గంటల లోపు చేరితే ఎర్రటి ఇసుకరాతి గోడమీద తూర్పు ఎండ పడుతుంటుంది. 11 దాటితే వట్టికాళ్లతో వేదికమీద నిలబడలేరు.

ముందు గుడిలోకి వెళ్లకుండా ఆవరణలోని శాసనమంటపం దగ్గరికి నడవాలి. శక 1135, అంటే 1213. కట్టించింది రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు దేవగిరి యుద్ధంలో చనిపోయాడు, కుర్రాడైన గణపతి యాదవులకు చిక్కి బందీ అయ్యాడు. రాజు లేని రాజ్యంమీద సామంతులు ఎగబడుతుంటే కాపు కాసి నిలబెట్టినవాడు ఈ రుద్రుడు. తలచుకుంటే తానే గద్దెనెక్కొచ్చు. విడుదలై వచ్చిన కుర్రాడికి రాజ్యం తిరిగి అప్పగించాడు. ఇంత రుణమున్న సేనానిని చూసి భయపడి తలతీసిన రాజులు చరిత్రలో బోలెడుమంది. గణపతిదేవుడు మాత్రం ఆ సేనాని తన పేరు మీదే రుద్రేశ్వరుణ్ని నిలుపుకుని, తన ఘనత శాసనంలో రాయించుకుంటే ఊరుకున్నాడు. రామప్ప అనే శిల్పి పేరు జనం నోట ఉంది, శాసనంలో లేదు.

ఇక గుడి. మనిషి ఎత్తు వేదిక, దానిమీద ప్రదక్షిణకు చాలినంత చోటు. గోడలు ఎర్ర ఇసుకరాయి, లోపలి స్తంభాలు, చూరు కింద మదనికలనే స్త్రీ శిల్పాలు నల్లరాయి. ఎందుకిలా? ఇసుకరాయి మెత్తన, త్వరగా చెక్కొచ్చు కానీ సన్నని పని నిలవదు. నల్లరాయి గట్టి, చెక్కడం చాలా ఆలస్యం కానీ గోటి గీత కూడా 800 ఏళ్లు చెరగదు. మదనికలు 12 మంది. పాము చుట్టుకున్న నాగిని, ఎత్తుమడమల చెప్పులేసుకున్న ఆమె దగ్గర గైడ్లు తప్పకుండా ఆపుతారు. అక్కడ నవ్వుకుని, మంటపం లోపలి స్తంభాలకు వెళ్లాలి. నాట్య భంగిమలు, మద్దెలవాళ్లు, కోలాటం, పేరిణి వీరనాట్యం అన్నీ అక్కడే. గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1254 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళినీ ఈ శిల్పాలనూ కలిపి చదివే నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ గజ్జె కట్టించారు.

జాయప ఎవరో తెలిస్తే రాజు పద్ధతి ఇంకాస్త తేటపడుతుంది. ఇతనిది కృష్ణా తీరంలోని దివిసీమ నాయకుల ఇల్లు. గణపతిదేవుడు ఆ సీమను గెలిచాడు, జాయపను ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు, అతని అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. ధరణికోట నేలిన కోట వంశానికి ఒక కూతురు గణపాంబను, నిడదవోలు చాళుక్యులకు రుద్రమను ఇచ్చాడు. కత్తితో గెలిచిన చోటల్లా వియ్యం కలుపుకొచ్చాడు. అందుకే 63 ఏళ్లు సాగింది. దక్షిణాన పాండ్యుల ముందు మాత్రం చివరి రోజుల్లో దెబ్బ తిన్నాడు.

మంటపంలో కాళ్ల కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది ఇసుక పునాది కదిలిన గుర్తు. విమానం ఇటుకలది, అవి నీళ్లలో తేలేటంత తేలిక. పైభారం తగ్గితే కింది ఇసుకమీద ఒత్తిడి తగ్గుతుంది. ఈ రెండు పనులూ ఒకే ఆలోచన. గర్భగుడి దగ్గరి గోపికా వస్త్రాపహరణ శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని చూపించమని అడుగుతుంటారు. అడగొద్దు, తట్టొద్దు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి ఇది. చేతి చెమట పడిన చోట రాయి ఎలా మారిందో చూస్తేనే తెలుస్తుంది.

చెరువు గుడికి సుమారు 2 కిలోమీటర్లు. గుడి, చెరువు, ఊరు మూడూ ఒకేసారి కట్టడం కాకతీయుల రివాజు. గుడికి నైవేద్యం చెరువు కింది పొలం నుంచి రావాలి, పొలానికి ఊరు కావాలి.

మధ్యాహ్నం భోజనం వెంట తెచ్చుకుంటే మంచిది. అక్కణ్నుంచి గణపురం సుమారు 10 కిలోమీటర్లు. ఊరి వెనక కోటగుళ్లు. ప్రహరీ లోపల 22 చిన్నా పెద్దా గుళ్లు, నడుమ గణపేశ్వరాలయం. రామప్ప జనసందోహం తర్వాత ఇక్కడి నిశ్శబ్దం వింతగా ఉంటుంది. చూరు కింద సగం మనిషి, సగం సింహం అయిన రూపం ఏనుగుపై స్వారీ చేస్తుంది. గజకేసరి, నిన్న కోటలో చదివిన బిరుదే. పక్కనే గణపసముద్రం. రాజు పేరు ఒక ఊరికి, ఒక దేవుడికి, ఒక చెరువుకు నిలిచింది ఇక్కడే.

నాలుగో రోజు: పాకాల

నర్సంపేట మీదుగా వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్లు. దీన్ని బోటు షికారు చోటని చెబుతారు. ఇక్కడ చూడాల్సింది కట్ట. గుట్టల నడుమ ఉన్న సందుకు మాత్రమే కట్ట వేశారు, మిగతా ఒడ్డంతా గుట్టలే. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు. మునేరు పుట్టేది ఈ చెరువు నుంచే.

చెరువుకు మూడు అంగాలు: కట్ట, తూము, మత్తడి. కట్ట ఏటవాలులో లోపలివైపు రాతి పరుపు ఉంటుంది, అలల కోతను అది ఆపుతుంది. తూము కట్ట కింద నుంచి పోయే రాతి కాలువ. నీటిలో నిలబెట్టిన రాతి కంభాల నడుమ రంధ్రానికి బిరడా ఉంటుంది, నీరటికాడు దాన్ని ఎత్తుతాడు, దించుతాడు. మత్తడి నిండిన నీళ్లు బయటికి దూకే చోటు. గండి పడే చెరువుల్లో సాధారణంగా మూడు కారణాలు కనబడతాయి. తూము రాయికీ మట్టికీ మధ్య అతుకులో ఊట మొదలవడం. కట్టమీద పెరిగిన చెట్టు ఎండి, వేరు కుళ్లి, అక్కడ బొరియ మిగలడం. అన్నిటికంటే ఎక్కువగా, నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని మత్తడి ఎత్తు పెంచడం. పెద్దవాన వచ్చిన రాత్రి నీరు మత్తడి మీద నుంచి కాక కట్టమీద నుంచి పారుతుంది, అంతే సంగతులు.

ఇంత పని రాజు ఒక్కడే చూసుకోలేడు. చెరువు తవ్వించి బాగోగులు చూసేవాడికి దాని కింది భూమిలో పదోవంతు పన్ను లేకుండా వదిలేవారు. దాన్నే దశబంధం అన్నారు. కట్ట తెగితే మొదట నష్టపోయేది ఆ పదోవంతువాడే కాబట్టి వానకాలం రాత్రుళ్లు కట్టమీద కాపలా అడగకుండానే జరిగేది.  ఒక చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు పోయే గొలుసుకట్టును చూడాలంటే నర్సంపేటకు తిరిగొచ్చేటప్పుడు వాగు వెంబడి చూపు పెట్టాలి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పూడిక తీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది. పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, అది వెనకటి అలవాటే.

ఈ పొగడ్తకు అడ్డం పడే కథ కూడా ఈ దిక్కునే ఉంది. మేడారంలో కరువుతో కప్పం కట్టలేకపోయిన పగిడిద్దరాజు మీదకు ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని, సమ్మక్క సారలమ్మలు ఎదిరించి పోరాడారని కోయవాళ్లు చెప్పుకుంటారు. చెరువు కింద ఊరికీ అడవిలోని గూడేనికీ ఓరుగల్లు ఒకేలా కనబడలేదు.

అయిదో రోజు: బయ్యారం

నర్సంపేట నుంచి గూడూరు మీదుగా మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా నోటిమాట మానుకోటే. అక్కణ్నుంచి బయ్యారం దారి మంచిదే. చెరువు దగ్గరి శాసనస్తంభం చూడటానికే ఇంత దూరం. గణపతిదేవుడి తోబుట్టువు, నతవాడి నాయకుడు రుద్రుడి భార్య మైలాంబ ఈ చెరువు తవ్వించి ఆ శాసనం వేయించింది. కాకతిపురం ఏలిన వెన్నడి దగ్గర మొదలుపెట్టి, గుండనలు, ఎర్రన మీదుగా వంశం మొత్తం చెప్పుకొచ్చింది. కాకతీయుల తొలితరాల గురించి చరిత్రకారులు ఎక్కువగా ఆధారపడేది ఇందులోని వరుసమీదే. అక్షరాలు ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే కనబడతాయి. నీళ్లు చల్లడం, సుద్ద రుద్దడం చేయొద్దు, రాయి పొరలు లేస్తుంది.

63 ఏళ్లు ఏలిన రాజు ఈ రాతిమీద మైలాంబ తోబుట్టువుగా ఉన్నాడు. తిరుగు రైలు మానుకోటలో ఎక్కొచ్చు, వరంగల్‌కు సుమారు గంట.